బెన్ హెక్ట్ నిజంగా ఏయే సినిమాలు రాశాడు? టైటిల్ కార్డుల్లో ఉన్నదీ, లేనిదీ

కథాక్రమం:

పాత స్టూడియోల కాలపు హాలీవుడ్ రచయితల గురించి బాగా చదివినవాళ్లు ఇక్కడున్నారు కాబట్టి అడుగుతున్నాను. బెన్ హెక్ట్ సినిమాల జాబితా ఏ రెండు చోట్లా ఒకేలా లేదు. ఒక జాబితాలో 'గాన్ విత్ ద విండ్' ఉంటుంది, సినిమాలో మాత్రం స్క్రీన్‌ప్లే కింద సిడ్నీ హవర్డ్ పేరొక్కటే పడుతుంది. 'స్కార్‌ఫేస్' ఆయన గొప్ప స్క్రిప్టు అంటారు, కార్డు మీద చూస్తే ఆయనది కథ మాత్రమే. 'హిజ్ గర్ల్ ఫ్రైడే'ని కూడా ఆయన ఖాతాలోనే వేస్తున్నారు.

ఈయన కెరీర్‌ని ఎలా లెక్కగట్టాలి? ఏ సినిమాలో ఎంత పని ఆయనది? దీన్ని తేల్చుకోవడానికి ఒక పద్ధతంటూ ఉందా?

నైట్రేట్_రీలు:

ఉందండి. ముందు ఎన్ని సినిమాలు అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఏ సినిమాకి ఏ రకం పనికి పిలిచారు అని అడగాలి. హెక్ట్ ఆత్మకథలో తాను రాసినవీ, చెయ్యి వేసినవీ కలిపి అరవై దాకా ఉంటాయని చెప్పుకున్నాడు. వాటిలో సగం పైన రెండు వారాల్లోపే ముగించాననీ, ఏదీ ఎనిమిది వారాలు దాటలేదనీ రాశాడు. స్క్రిప్టుకి 50,000 నుంచి 1,25,000 డాలర్లు, వారం లెక్కన అయితే 5,000 నుంచి మొదలు, 1949లో ఎంజీఎం స్టూడియో వారానికి 10,000 ఇచ్చింది, నిర్మాత సెల్జ్‌నిక్ ఒకసారి రోజుకి 3,500 ఇచ్చాడు. ఇవన్నీ ఆయన నోటి లెక్కలే. కాకపోతే ఇందులో ఒక సంగతి గమనించండి: స్క్రిప్టు లెక్క, వారం లెక్క, రోజు లెక్క అని మూడు రకాల జీతం చెబుతున్నాడు. అవి మూడు వేర్వేరు పనులు.

స్క్రిప్టు మొత్తానికి డబ్బు తీసుకున్నప్పుడు సాధారణంగా పేరు పడుతుంది. వారం లెక్కన వెళ్లినప్పుడు పడొచ్చు, పడకపోవచ్చు. రోజు లెక్కన వెళ్లాడంటే షూటింగ్ దగ్గర పడ్డ సినిమాకో, ఆగిపోయిన సినిమాకో మరమ్మతు చేయడానికి వెళ్లాడన్నమాట, అక్కడ పేరు దాదాపు ఉండదు. జాబితాలు ఒకదానితో ఒకటి కలవకపోవడానికి అసలు కారణం ఇదే. కొందరు మొదటి రకాన్నే లెక్కేస్తారు, కొందరు మూడూ కలిపేస్తారు.

లక్ష్మీటాకీస్:

పత్రికల నుంచి వచ్చిన మనిషి కదా, సినిమాల్లోకి ఎలా వెళ్లాడో కూడా చెప్పండి. 'అండర్‌వరల్డ్' దగ్గరే ఆస్కార్ వచ్చిందంటారు, అది మూకీ సినిమా. మూకీకి రచయిత చేసే పని ఏముంటుంది?

నైట్రేట్_రీలు:

చాలా ఉంటుంది. 1910లో, ఇంకా కుర్రాడిగా ఉండగానే షికాగో చేరి 'డైలీ జర్నల్'లో, తర్వాత 'డైలీ న్యూస్'లో విలేకరిగా పనిచేశాడు. కోర్టులు, ఉరిశిక్షలు, పోలీసులు, గ్యాంగులు, అవినీతి మేయర్లు, అన్నీ దగ్గర నుంచి చూశాడు. 1926లో న్యూయార్క్‌లో డబ్బుకి ఇబ్బంది పడుతున్నప్పుడు స్నేహితుడైన రచయిత హెర్మన్ మాంకివిచ్ పారమౌంట్ స్టూడియో తరఫున టెలిగ్రాం ఇచ్చాడు: వారానికి 300 డాలర్లు, ఖర్చులు వేరే. అది చిల్లరేనని, ఇక్కడ లక్షలు దొరుకుతాయని కూడా అందులోనే ఊరించాడు.

వెళ్లాక మాంకివిచ్ చెప్పిన పాఠం ఏమిటంటే, సినిమాలో నాయకుడు, నాయిక మచ్చ లేకుండా ఉండాలి, సుఖపడే హక్కు విలన్‌కే ఉంటుంది, చివర్లో చస్తే చాలు. దాంతో హెక్ట్ నాయకుణ్ణే తీసేసి విలన్ల మీదే కథ రాయాలని నిశ్చయించుకున్నాడు. షికాగో గ్యాంగుల మీద 18 పేజీల కథ వారంలో రాసిచ్చాడు. స్టూడియో 10,000 డాలర్ల బోనస్ ఇచ్చింది. అదే 'అండర్‌వరల్డ్'.

ఇక కార్డు చూడండి: కథ బెన్ హెక్ట్, అడాప్టేషన్ చార్లెస్ ఫర్త్‌మన్, స్క్రీన్‌ప్లే రాబర్ట్ ఎన్. లీ, టైటిల్స్ జార్జ్ మారియన్ జూనియర్. మూకీ సినిమాకి నలుగురు. టైటిల్స్ అంటే తెర మీద మధ్యమధ్యలో పడే మాటల పలకలు, దానికో ప్రత్యేక రచయిత. 1929 మే 16న జరిగిన మొదటి అకాడమీ అవార్డుల్లో ఒరిజినల్ కథకి, అడాప్టేషన్‌కి, టైటిల్ రచనకి విడివిడిగా బహుమతులు ఉండేవి. హెక్ట్‌కి వచ్చింది కథకి. దర్శకుడు స్టెర్న్‌బర్గ్ చేసిన మార్పులు నచ్చక తన పేరు తీసేయమన్న సినిమాకే ఆ బహుమతి వచ్చింది.

ఎడిటింగ్_బల్ల:

18 పేజీలు సినిమా ఎలా అయిందన్నది తెలిస్తే కథాక్రమం గారి 'స్కార్‌ఫేస్' ప్రశ్నకి కూడా జవాబు దొరుకుతుంది. స్టూడియోలో వరుస ఇలా ఉండేది.

మొదట మూలం: నవల, నాటకం, పత్రికలో కథ, లేదా రచయిత సొంత ఆలోచన. దాని మీద ట్రీట్‌మెంట్, అంటే వర్తమాన కాలంలో, సంభాషణలు పెద్దగా లేకుండా, సినిమా ఏ వరుసలో సాగుతుందో చెప్పే గద్యం. తర్వాత కంటిన్యూయిటీ: సీన్లకి నంబర్లు, ఏది ఎక్కడ జరుగుతుంది, పగలా రాత్రా, కెమెరా దగ్గరా దూరమా. మూకీల కాలంలో థామస్ ఇన్స్ స్టూడియోలో గట్టిపడిన పద్ధతి ఇది. ఎన్ని సెట్లు వేయాలి, ఏ నటుడు ఎన్ని రోజులు కావాలి, ఎంత ఖర్చవుతుంది అన్నది ప్రొడక్షన్ ఆఫీసు దీన్ని పట్టుకునే లెక్కేస్తుంది. మాటల సినిమా వచ్చాక డైలాగు వేరే విభాగమైంది. న్యూయార్క్ నుంచి నాటక రచయితల్ని, విలేకరుల్ని తీసుకొచ్చింది దానికోసమే.

ఈ మెట్లలో ఒక్కో మెట్టు ఒక్కొక్కరికి ఇవ్వొచ్చు, ఒకరికి తెలియకుండా ఇంకొకరికి కూడా ఇవ్వొచ్చు. చాలా చోట్ల ఇచ్చారు.

'స్కార్‌ఫేస్'లో ఆర్మిటేజ్ ట్రెయిల్ నవల మూలం. హెక్ట్ ఆ నవలని పెద్దగా పట్టించుకోలేదు. షికాగో గ్యాంగ్‌స్టర్ కాపోన్‌లాంటి వాడి ఇంటిని, ఒకప్పుడు ఇటలీలో కుట్రలకీ హత్యలకీ పేరుపడ్డ బోర్జియాల కుటుంబంలా చూపిద్దామన్న ఆలోచన మీద కథ కట్టాడు. అన్నకి చెల్లెలి మీదుండే ఆ అసహజమైన పట్టు అక్కణ్ణించి వచ్చిందే. కంటిన్యూయిటీ, డైలాగులు సీటన్ మిల్లర్, జాన్ లీ మాహిన్, డబ్ల్యు. ఆర్. బర్నెట్‌లవి. హెక్ట్ నిర్మాత హోవర్డ్ హ్యూస్‌ని నమ్మక రోజుకి వెయ్యి డాలర్లు, ఏ రోజుకి ఆ రోజు సాయంత్రం ఆరింటికి చేతికివ్వాలని ఒప్పందం పెట్టాడు.

అందుకని ఆ సినిమాలో హెక్ట్‌ని వెతకాలంటే డైలాగుల్లో కాదు, కథ నడకలో వెతకాలి. ఎవరు ఎవర్ని ఎప్పుడు చంపుతారు, అధికారం ఎలా చేతులు మారుతుంది, చెల్లెలి పెళ్లి ఎందుకు పతనానికి మలుపవుతుంది, ఇదంతా ఆయనది.

కథాక్రమం:

ఇది చాలా ఉపయోగపడింది. అయితే చివర్లో నాయకుడు పోలీసుల ముందు పిరికివాడైపోవడం కూడా హెక్ట్ రాసిందేనా, సెన్సార్ వల్ల వచ్చిందా? రెండు ముగింపులున్నాయని చదివాను.

ఎడిటింగ్_బల్ల:

రెండున్నాయి. సినిమా 1931లోనే తయారైంది, హేస్ ఆఫీసుతో, అంటే స్టూడియోలు తామే పెట్టుకున్న సెన్సారు సంస్థతో, గొడవ వల్ల 1932 దాకా బయటికి రాలేదు. కోర్టులో శిక్ష పడి ఉరి తీసే ముగింపు ఒకటి తర్వాత తీశారు. నాయకుడి వేషం వేసిన పాల్ మ్యూని లేకుండానే తీశారు కాబట్టి అందులో దోషి ముఖం సరిగా కనపడదు. టైటిల్‌కి 'జాతికి అవమానం' అన్న అర్థం వచ్చే తోక తగిలించడం, నేరస్థుల్ని ఏం చేయాలో పెద్దమనుషులు చర్చించే సీను చేర్చడం కూడా ఆ ఒత్తిడితోనే. మీరు చూసే ప్రతిలో ఆ చర్చ సీను వస్తే దాన్ని రచయిత శైలికి సాక్ష్యంగా తీసుకోకండి. చుట్టూ ఉన్న సీన్లతో దానికి లయ కలవదు, చెవికే తెలిసిపోతుంది.

సుభద్ర_వి:

'హిజ్ గర్ల్ ఫ్రైడే' గురించి ఎవరూ చెప్పలేదు, నేను అందుకుంటాను.

మూలం 'ద ఫ్రంట్ పేజ్' నాటకం. హెక్ట్, చార్లెస్ మెకార్థర్ కలిసి రాశారు, 1928 ఆగస్టులో న్యూయార్క్‌లో మొదటి ప్రదర్శన. 1931లో లూయిస్ మైల్‌స్టోన్ సినిమా తీశాడు. 1940లో హోవర్డ్ హాక్స్ తీసినదానికి స్క్రీన్‌ప్లే చార్లెస్ లెడరర్. విలేకరి హిల్డీ జాన్సన్‌ని ఆడమనిషిని చేసి, ఎడిటర్‌కి మాజీ భార్యని చేయడంతో నాటకం మొత్తం వేరే కథయింది. ఆ మార్పు హెక్ట్‌ది కాదు. కోర్టు భవనంలో ప్రెస్ రూము, ఉరికి సిద్ధంగా ఉన్న ఖైదీ, పారిపోయిన వాణ్ణి బల్లలో దాచడం, మేయరూ షెరీఫూ క్షమాభిక్ష కాగితాన్ని నొక్కేయాలని చూడడం, ఇవి నాటకంలోవి.

ఒకరి మాటల మీద ఇంకొకరి మాట పడేలా ఆడించడం నాటకంలోనే ఉంది. హాక్స్ దానికో నిర్దిష్టమైన పద్ధతి చెప్పాడు: వాక్యం మొదట్లో రెండుమూడు, చివర్లో రెండుమూడు అవసరం లేని మాటలు చేర్చాలి. అవతలివాళ్లు ఆ చివరి మాటల మీద తమ మొదటి మాటలు వేసేస్తారు, మధ్యలో ఉన్న అసలు విషయం శుభ్రంగా వినబడుతుంది. వేగం కోసం మామూలు డైలాగుని తొందరగా చెప్పిస్తే మాత్రం విషయం వినపడకుండా మునిగిపోతుంది. రాసేటప్పుడే వాక్యాన్ని అలా కట్టాలి. సంభాషణలు రాయాలనుకునేవాళ్లు ఆ సినిమాలో ఒక ప్రెస్ రూము సీను తీసుకుని, ప్రతి వాక్యంలో ఏ ముక్క తీసేసినా అర్థం చెడదో గీత కొట్టి చూడండి, కొలత తెలుస్తుంది.

నాటకం ఆఖరి మాట గురించి కూడా: అది బూతుతో కూడిన మాట. 1931 సినిమాలో టైప్‌రైటర్ చప్పుడు మీద పడి సగం మునిగిపోతుంది. 1940 నాటికి ప్రొడక్షన్ కోడ్, అంటే స్టూడియోల సెన్సారు నియమావళి, గట్టిగా అమలవుతోంది, ఆ ముగింపే లేదు.

లక్ష్మీటాకీస్:

మన సినిమాల్లో కథ, మాటలు, చిత్రానువాదం అని వేరువేరుగా వేస్తారు కదా. మాటలు రాసినవారినే అసలు రచయితగా చూసే అలవాటు మనకుంది, పింగళి అన్నా ఆత్రేయ అన్నా ముందు మాటలే గుర్తొస్తాయి. హాలీవుడ్ కార్డుని కూడా మనం అలాగే చదివేస్తున్నామేమో.

నైట్రేట్_రీలు:

అదే చిక్కండి. అక్కడ 'స్క్రీన్‌ప్లే' అంటే సీన్ల కట్టుబడీ మాటలూ రెండూ కలిసే ఉంటాయి. డైలాగు మాత్రమే రాసినవాడికి 'అదనపు సంభాషణలు' లాంటి చిన్న కార్డు వచ్చేది, లేదా ఏమీ వచ్చేది కాదు.

రేణుక_పి:

'గాన్ విత్ ద విండ్' సంగతి వివరంగా రాస్తాను, దాని మీదే ఎక్కువ అపోహలున్నాయి.

షూటింగ్ 1939 జనవరి 26న జార్జ్ క్యూకర్ దర్శకత్వంలో మొదలైంది. ఫిబ్రవరి మధ్యలో క్యూకర్‌ని తీసేసి, విక్టర్ ఫ్లెమింగ్‌ని తెచ్చారు. ఫ్లెమింగ్‌కి స్క్రిప్టు నచ్చలేదు. సెల్జ్‌నిక్ షూటింగ్ ఆపేశాడు. అప్పటికే ఆ స్క్రిప్టు మీద సిడ్నీ హవర్డ్ తర్వాత ఆలివర్ గారెట్, జాన్ వాన్ డ్రూటెన్, స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ లాంటివాళ్లు పనిచేశారు. సెల్జ్‌నిక్ తానూ దిద్దాడు. ఒక్కొక్కరి దిద్దుబాటు ముందువాళ్ల దిద్దుబాటు మీద పేరుకుంటూ వచ్చింది.

హెక్ట్ అప్పుడు ఎంజీఎంలో మార్క్స్ బ్రదర్స్ సినిమా మీదున్నాడు. ఆయన కథనం ప్రకారం వారానికి 15,000 డాలర్లకి ఒప్పుకుని వచ్చాడు. నవల చదవలేదు. సెల్జ్‌నిక్ గంటసేపు కథ చెప్పాడు, వినేసరికి తికమకపడ్డాడు. అప్పుడు హెక్ట్ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇన్ని ప్రతుల్లో కథ సూటిగా ఉన్నది ఏదైనా ఉందా? హవర్డ్ మొదట రాసింది వెతికి తెప్పించారు. అది చదివి, ఇదే బాగుంది, దీని మీదే పనిచేద్దామన్నాడు.

అక్కణ్ణించి పద్ధతి ఇదీ: ప్రతి సీనూ సెల్జ్‌నిక్, ఫ్లెమింగ్ నటించి చూపించేవారు, హెక్ట్ హవర్డ్ ప్రతి దగ్గర పెట్టుకుని కుదించి రాసేవాడు. రోజుకి 18 నుంచి 20 గంటలు. తిండి అరటిపళ్లు, వేరుశనగలు. నాలుగో రోజు ఫ్లెమింగ్ కంట్లో రక్తనాళం చిట్లింది, ఐదో రోజు సెల్జ్‌నిక్ సోలిపోయాడు. వారం ముగిసేసరికి సినిమా మొదటి సగం, తొమ్మిది రీళ్లు, తేలింది. హెక్ట్ రెండో సగానికి ఆగలేదు. మార్చి 2న షూటింగ్ మళ్లీ మొదలైంది.

ఇంకోటి, పాత దక్షిణాది గురించి సినిమా మొదట్లో తెర మీద పాకే రాత హెక్ట్‌దే, మధ్యలో వచ్చే పలకలతో సహా. అవి తర్వాత ఆ ఏడాదే విడిగా రాయించుకున్నారు.

సిడ్నీ హవర్డ్ 1939 ఆగస్టులో తన పొలంలో ట్రాక్టర్ ప్రమాదంలో చనిపోయాడు. ఆస్కార్ మరణానంతరం వచ్చింది. పేరు ఆయనదొక్కటే పడటం న్యాయమేనని నా నమ్మకం, ఎందుకంటే హెక్ట్ చేసిన అసలు మేలు హవర్డ్ కట్టడాన్ని తిరిగి బయటికి తీయడమే. ఎంత కొత్తగా రాశాడన్నదానికంటే ఏది ఉంచాలో పోల్చుకోవడంలోనే ఆ వారం ఆయన నైపుణ్యం ఉంది.

కథాక్రమం:

అయితే ఆయన పేరు లేకపోయినా ఆయన పని ఉన్న సినిమా ఇది. దీనికి ఎదురు కేసు, అంటే పేరు ఆయనదై పని వేరేవాళ్లది, అలాంటిదేమైనా?

రేణుక_పి:

'నథింగ్ సేక్రెడ్', 1937. అదీ సెల్జ్‌నిక్‌దే, టెక్నికలర్, దర్శకుడు విలియం వెల్‌మన్. కార్డులో స్క్రీన్‌ప్లే హెక్ట్ ఒక్కడే. జాన్ బారిమోర్ కోసం వేషం రాశానని హెక్ట్, ఆ నటుణ్ణి పెట్టుకోనని సెల్జ్‌నిక్, అక్కడ తెగింది, హెక్ట్ వెళ్లిపోయాడు. ముగింపు లేదు. ఇతరుల సాయం తీసుకుని చివరికి రింగ్ లార్డ్‌నర్ జూనియర్, బడ్ షుల్‌బర్గ్ రాసిన ముగింపు వాడారు. అప్పటికి వాళ్లిద్దరూ కుర్ర రచయితలు.

చూస్తే తెలుస్తుంది. రేడియం విషంతో చావబోతోందని పేరు పడ్డ అమ్మాయికి నిజానికి జబ్బు లేదు, పత్రిక ఆమెని ఊరేగిస్తుంది, జనం కన్నీళ్లు పెట్టుకుంటారు, అందరూ అబద్ధాన్నే ప్రేమిస్తారు. ఈ కోపమంతా షికాగో విలేకరిది. చివరి పది నిమిషాల్లో మాత్రం కథ ఆ కోపాన్ని వదిలేసి, అందరూ బాగున్నారన్నట్టు చక్కబెట్టుకుని ఓడెక్కేస్తుంది.

ఎడిటింగ్_బల్ల:

పేరు లేని పనుల్లో ఇంకోటి కలుపుతాను, చిన్నదే అయినా కొలవడానికి వీలైనది. హిచ్‌కాక్ 'ఫారిన్ కరెస్పాండెంట్' చివర్లో లండన్ మీద బాంబులు పడుతుండగా రేడియోలో చెప్పే ప్రసంగం హెక్ట్‌ది. మిగతా షూటింగ్ అయిపోయాక, 1940 జులైలో చేర్చారు. కార్డులో చార్లెస్ బెన్నెట్, జోన్ హారిసన్, డైలాగులకి జేమ్స్ హిల్టన్, రాబర్ట్ బెంచ్‌లీ ఉన్నారు, హెక్ట్ లేడు. ఒక్క సీను పని అంటే ఏమిటో చూడాలంటే ఇది చాలు.

గోదారి_గట్టు:

పేరు ఎవరికి వేయాలో ఎవరు నిర్ణయించేవారు? రచయితల సంఘం ఉండేదిగా?

నైట్రేట్_రీలు:

కాలాన్ని బట్టి మారింది, జాబితా చదివేటప్పుడు సినిమా ఏ ఏడాదిదో చూడటం అందుకే ముఖ్యం.

1933 మార్చిలో స్టూడియోలు ఎనిమిది వారాల పాటు జీతాలు సగం దాకా కోశాయి. ఏప్రిల్‌లో స్క్రీన్ రైటర్స్ గిల్డ్ మళ్లీ లేచింది. 1936లో స్టూడియోల అండతో స్క్రీన్ ప్లేరైట్స్ అనే పోటీ సంఘం పుట్టింది, గిల్డ్‌లో ఉన్నవాళ్ల మీద ఒత్తిడి పెరిగింది. 1937లో కార్మికులకి సంఘం పెట్టుకునే హక్కిచ్చే వాగ్నర్ చట్టాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది, 1938లో కార్మిక సంబంధాల బోర్డు పెట్టిన ఎన్నికలో గిల్డ్ గెలిచింది. అయినా ఒప్పందం కుదిరేసరికి 1942 అయింది. అందులో ముఖ్యమైనవి రెండు: వారానికి కనీసం 125 డాలర్లు, టైటిల్‌లో పేరు ఎవరికన్నది తేల్చే అధికారం గిల్డ్‌కి.

అంటే 1942కి ముందు సినిమాల్లో కార్డు మీద పేరు చాలావరకు నిర్మాత మాట. ఇష్టమైనవాడికి దక్కేది, గొడవపడి వెళ్లినవాడికి పోయేది. ఆ తర్వాత సినిమాల్లో వివాదం వస్తే ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి తోటి రచయితలే చదివి తీర్పు చెప్పే పద్ధతి. అది కూడా పూర్తి నిజం చెప్పదు, పేర్ల సంఖ్యకి పరిమితి పెట్టారు కాబట్టి ఐదుగురు పనిచేసినా ఇద్దరి పేర్లే పడొచ్చు. కాకపోతే తప్పు ఏ దిక్కున ఉంటుందో ముందే ఊహించవచ్చు: 1942కి ముందు పలుకుబడి వల్ల, తర్వాత పరిమితి వల్ల.

125 డాలర్ల కనీసం కోసం పదేళ్లు పోరాడిన వృత్తిలో హెక్ట్ వారానికి 5,000 పైన అడిగేవాడన్నది గుర్తుంచుకోండి. ఆయన జీవితాన్ని బట్టి ఆ రోజుల్లో హాలీవుడ్ రచయిత బతుకు ఇలా ఉండేదని అనుకుంటే పెద్ద పొరపాటు. ఎక్కువమంది ఏడేళ్ల కాంట్రాక్టు మీద, ఆరు నెలలకో ఏడాదికో కొనసాగించాలా వద్దా అన్న హక్కు స్టూడియో చేతిలో ఉంచి, ఇచ్చిన గదిలో ఇచ్చిన పని చేసినవాళ్లు.

సుభద్ర_వి:

హెక్ట్ ఆ పద్ధతికి దూరంగా నిలబడగలిగింది న్యూయార్క్ దగ్గర నయాక్‌లో ఇల్లు పెట్టుకోవడం వల్ల కూడా. పని ఉన్నప్పుడు లాస్ ఏంజెలెస్, అయిపోగానే వెనక్కి. 1934 నుంచి 1936 మధ్య మెకార్థర్‌తో కలిసి క్వీన్స్‌లోని ఆస్టోరియా స్టూడియోలో నాలుగు సినిమాలు సొంతంగా రాసి, నిర్మించి, దర్శకత్వం వహించారు, పారమౌంట్ విడుదల చేసింది. కెమెరా, దర్శకత్వంలో సాంకేతిక భాగం చూసుకోవడానికి లీ గార్మ్స్ ఉన్నాడు. వాటిలో నోయెల్ కవర్డ్ నటించిన 'ద స్కౌండ్రల్'కి ఒరిజినల్ కథ ఆస్కార్ ఇద్దరికీ వచ్చింది. డబ్బు రాలేదు, ప్రయోగం అక్కడితో ఆగింది. ఆ సినిమాల్లో మాటలు మెరుస్తాయి, సీన్లు మాత్రం కదలవు, పాత్రలు నిలబడి ఒకరికొకరు చమత్కారాలు విసురుకుంటారు. హాక్స్, హిచ్‌కాక్, వైలర్ లాంటివాళ్లు ఆయన దగ్గర ఏం తీసేశారో, ఏం పెంచారో అర్థం కావాలంటే వీటిని చూడాలి.

గోదారి_గట్టు:

హిచ్‌కాక్‌తో చేసిన 'నటోరియస్' ఒక్కటే పూర్తిగా ఆయనదని అంటుంటారు. నిజమేనా?

ఎడిటింగ్_బల్ల:

పూర్తిగా అనలేం. క్లిఫర్డ్ ఒడెట్స్ కొంత పనిచేశాడు, పేరు లేదు. మూలం 1921లో 'శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్'లో వచ్చిన జాన్ టెయింటర్ ఫుట్ కథ. దేశం కోసం ఒక స్త్రీని శత్రువు పక్కలోకి పంపడమన్న ముడి ఒక్కటే అందులోంచి మిగిలింది. ఆస్కార్‌కి 'ఒరిజినల్ స్క్రీన్‌ప్లే' విభాగంలో నామినేట్ అయిందంటే ఎంత మారిందో చూసుకోండి. అయినా కట్టుబడి చదవడానికి ఇంతకంటే మంచిది దొరకదు, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

పనిచేసిన తీరు: ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇద్దరూ మాట్లాడుకోవడం, తర్వాత హెక్ట్ రెండుమూడు రోజులు ఒంటరిగా రాయడం, మళ్లీ కూర్చోవడం. శత్రువులు వైన్ సీసాల్లో యురేనియం ఖనిజం దాచారన్న ముక్క సెల్జ్‌నిక్‌కి నమ్మకంగా అనిపించలేదు. మొత్తం ప్యాకేజీని, అంటే స్క్రిప్టు, దర్శకుడు, క్యారీ గ్రాంట్, ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్‌లతో సహా, 1945 వేసవిలో ఆర్‌కేవో స్టూడియోకి 8,00,000 డాలర్లకీ లాభాల్లో సగానికీ అమ్మేశాడు. ఆగస్టులో హిరోషిమా మీద బాంబు పడింది. అక్టోబరులో షూటింగ్ మొదలయ్యేసరికి యురేనియం గురించి ఎవరికీ వివరించే పని లేకుండా పోయింది.

ఇప్పుడు వైన్ సెల్లార్ పార్టీ భాగం తీసుకోండి. అమెరికా ఏజెంటు డెవ్లిన్ పంపగా వెళ్లిన అలీషియా, నాజీల మనిషి సెబాస్టియన్‌ని పెళ్లాడి అతని ఇంట్లోనే గూఢచర్యం చేస్తుంటుంది. చూడాల్సింది తాళంచెవి ప్రయాణం. ఇంట్లో అన్ని తాళాలూ అలీషియాకి దొరికాయి, సెల్లార్‌ది తప్ప, అది భర్త సెబాస్టియన్ గుత్తిలోనే ఉంటుంది. పార్టీ రోజు గుత్తిలోంచి తీస్తుంది. భర్త ఆమె రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టబోతాడు, తాళం పిడికిట్లో ఉంది. కౌగిలించుకుని కింద పడేసి కాలితో నెట్టేస్తుంది. తర్వాత హాలంతా పైనుంచి చూపిస్తూ కెమెరా ఆమె పిడికిట్లోని తాళం దాకా దిగుతుంది. అక్కణ్ణించి డెవ్లిన్ చేతికి.

ఒక్క తాళం చేతులు మారితే ఉత్కంఠ రాదు. దానికి గడియారం కావాలి. హెక్ట్, హిచ్‌కాక్ పెట్టిన గడియారం షాంపేన్. అతిథులు తాగేకొద్దీ మంచులో సీసాలు తగ్గుతుంటాయి. అయిపోతే సెల్లార్‌కి ఎవరో దిగాలి, తాళం కోసం సెబాస్టియన్ గుత్తి తీయాలి. అందుకే మధ్యమధ్యలో సీసాలు చూపిస్తారు, ఒక్క మాట కూడా అక్కర్లేదు. కింద సెల్లార్‌లో సీసా పగులుతుంది, ఖనిజం రాలుతుంది, వాళ్లు దాన్ని వేరే సీసాలో నింపి సర్దేస్తారు, లేబుల్ మీద సంవత్సరం మాత్రం తప్పు. సెబాస్టియన్ వస్తుంటే డెవ్లిన్ ఆమెని ముద్దుపెట్టుకుంటాడు, అతను చూసేది ప్రియుణ్ణి. అప్పటికి అసూయపడతాడు, అంతే. రాత్రి గుత్తిలో తాళం లేదు, తెల్లారేసరికి ఉంది. సెల్లార్‌లోకి దిగి లేబుల్, గాజుముక్కలు చూసుకున్నప్పుడు గానీ భార్య ఏజెంటని తెలియదు.

ఇందులో విషయం ఏమిటంటే, ప్రతి వస్తువూ రెండు పనులు చేస్తుంది. తాళం గూఢచర్యానికీ, భార్యాభర్తల మధ్య నమ్మకానికీ. ముద్దు ముసుగుకీ, నిజమైన ప్రేమకీ. సీను రాసేవాళ్లు ఇక్కడ చేసే తప్పు, వస్తువుకి ఒక్క పనే అప్పగించడం. అప్పుడు తాళం దొరికిందా లేదా అన్న ప్రశ్నే మిగులుతుంది, మనుషులు మాయమైపోతారు.

కథాక్రమం:

ప్రొడక్షన్ కోడ్‌ని అమలు చేసే బ్రీన్ ఆఫీసు ఇందులో ఏమీ అనలేదా?

ఎడిటింగ్_బల్ల:

అన్నది. 1945లో మొదట పంపిన స్క్రిప్టుకి అభ్యంతరం నాయిక నడవడి మీద. మగవాళ్లతో ఆమె గతం అంత బాహాటంగా ఉండకూడదన్నారు. దాని వల్ల జరిగిందేమిటంటే, ఆమె గతమంతా డెవ్లిన్ ఎత్తిపొడుపుల్లోకి, అధికారుల గదిలో ఆమె లేనప్పుడు వేసే మాటల్లోకి జారింది. మనం ఆమెని చూడటానికి బదులు, వాళ్లు ఆమెని ఎలా చూస్తున్నారో చూస్తాం. సినిమాకి అది మేలే చేసింది.

లక్ష్మీటాకీస్:

బ్రిటన్‌లో ఆయన సినిమాలు బహిష్కరించారని విన్నాను. అది బ్లాక్‌లిస్టులో భాగమా?

రేణుక_పి:

కాదు, రెండూ కలపకూడదు. 1947 నవంబరులో స్టూడియోలు ప్రకటించిన బ్లాక్‌లిస్టు కమ్యూనిస్టులన్న ఆరోపణ మీద. 'నథింగ్ సేక్రెడ్' ముగింపు రాసిన లార్డ్‌నర్ జూనియర్ అందులో జైలుకెళ్లిన పదిమందిలో ఒకడు. హెక్ట్‌ది వేరు: పాలస్తీనాలో బ్రిటిష్ పాలన మీద సాయుధంగా పోరాడుతున్న యూదు సంస్థ ఇర్గున్‌ని మెచ్చుకుంటూ 1947లో అమెరికా పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చాడు. 1948లో బ్రిటన్ థియేటర్ యజమానుల సంఘం ఆయన పేరున్న సినిమాలు ప్రదర్శించబోమని ప్రకటించింది. స్టూడియోలకి బ్రిటన్ పెద్ద మార్కెట్, అందుకని కొన్నేళ్లు పేరు దాచి పని ఇచ్చేవారు. ప్రెమింజర్ 'వర్ల్‌పూల్' బ్రిటిష్ ప్రతుల్లో మారుపేరు పడింది.

అందువల్ల 1948 నుంచి 1952 ప్రాంతం దాకా ఆయన జాబితా ముందుకంటే మసకగా ఉంటుంది. ఆ ఏళ్లకి కార్డు అసలు నమ్మదగ్గ ఆధారం కాదు.

కథాక్రమం:

చివరి ప్రశ్న. ప్రతులు ఎక్కడ చూడాలి? ఇంటర్నెట్‌లో 'నటోరియస్' స్క్రిప్టు అని దొరికింది, అది నమ్మొచ్చా?

నైట్రేట్_రీలు:

దొరికిన దానికి ముందు మూడు పరీక్షలు పెట్టండి. ముఖపత్రం మీద తేదీ, డ్రాఫ్టు పేరు ఉన్నాయా? సినిమాలో లేని సీను ఒక్కటైనా ఉందా? డైలాగులు సినిమాతో అక్షరం పొల్లుపోకుండా కలుస్తున్నాయా? తేదీ లేక, అదనపు సీను లేక, మాటలన్నీ కలిశాయంటే అది సినిమా చూసి ఎవరో రాసుకున్న ప్రతి, లేదా కటింగ్ కంటిన్యూయిటీ. ఈ రెండోది స్టూడియోయే ఎడిటింగ్ అయ్యాక షాట్ల వారీగా, ఫుటేజీ కొలతలతో తయారుచేసే పత్రం. కాపీరైటుకీ సెన్సారుకీ పనికొస్తుంది, రచయితని అంచనా వేయడానికి పనికిరాదు. నటుడు సెట్ మీద మార్చిన మాట కూడా అందులో రచయిత ఖాతాలో పడిపోతుంది.

అసలు కాగితాల విషయానికొస్తే: హెక్ట్ సొంత పత్రాలు షికాగోలోని న్యూబెరీ లైబ్రరీలో ఉన్నాయి. సెల్జ్‌నిక్ సంస్థ కాగితాలు, 'గాన్ విత్ ద విండ్' ప్రతులు, మెమోలతో సహా, ఆస్టిన్‌లో హ్యారీ రాన్సమ్ సెంటర్‌లో. ప్రొడక్షన్ కోడ్ ఆఫీసు ఉత్తరాలు బెవర్లీ హిల్స్‌లోని మార్గరెట్ హెరిక్ లైబ్రరీలో. అమెరికాలో ఉన్న మనవాళ్లెవరైనా వెళ్లేట్టయితే ముందు ఆ లైబ్రరీల ఆన్‌లైన్ జాబితాలో పెట్టె, ఫోల్డరు నంబర్లు రాసుకుని, ముందుగానే అభ్యర్థన పంపాలి. అక్కడికెళ్లాక ఒకే సీనుకి రెండు తేదీల ప్రతులు అడిగి పక్కపక్కన పెట్టుకోండి. ఏ మాట కొట్టేశారు, మార్జిన్లో చేతిరాత ఎవరిది, పేజీ మీద మార్పు తేదీ ఏది, ఇవి రాసుకుంటే చాలు. మొత్తం స్క్రిప్టు నకలు తీసుకోవాలని చూస్తే సమయమూ చాలదు, కాపీరైటు అనుమతీ దొరకదు.

సుభద్ర_వి:

అంతదూరం వెళ్లలేనివాళ్లు 'వదరింగ్ హైట్స్'తో మొదలుపెట్టవచ్చు, 1939, హెక్ట్, మెకార్థర్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నవలలో 34 అధ్యాయాలు, సినిమా దాదాపు సగం దగ్గర, కాథీ మరణం తర్వాత రెండో తరం కథని పూర్తిగా వదిలేస్తుంది. నవల పక్కన పెట్టుకుని, తీసేసిన ప్రతి అధ్యాయంలోంచి ఏ ఒక్క సమాచారం సినిమాలో ఎక్కడ తేలిందో అధ్యాయం వారీగా రాసుకోండి. పుస్తకం, సినిమా రెండూ సులువుగా దొరుకుతాయి. ఒక జాగ్రత్త, చివర్లో మంచులో నడిచిపోయే ఆత్మల షాట్ నిర్మాత గోల్డ్‌విన్ పట్టుబట్టి పెట్టించింది, దర్శకుడు వైలర్ తీయనంటే వేరేవాళ్లతో తీయించారు. అది లెక్కలో వేయకండి.